వానాకాలం మూడు నెలలు ఔట్‌బోర్డ్ మోటార్ పక్కన పెట్టేముందు: చెన్నై పడవలకు ఏం అవసరం, ఏం అక్కర్లేదు

ఈసీఆర్_పడవ

నీలాంకరై ఒడ్డున 16 అడుగుల ఫైబర్ పడవ. దాని వెనక బయట తగిలించే మోటార్ (ఔట్‌బోర్డ్) 40 హెచ్‌పీ యమహా ఎండ్యూరో: టూ-స్ట్రోక్, కార్బొరేటర్, తాడు లాగి స్టార్ట్ చేసే ఇంజన్. అక్టోబర్‌లో ఈశాన్య రుతుపవనం మొదలయ్యాక జనవరి చివరిదాకా పడవ నీళ్లలో దిగదు. మోటార్ విప్పి షెడ్డులో పెట్టాలి.

నెట్‌లో దొరికేవన్నీ మంచు దేశాల వీడియోలే. యాంటీఫ్రీజ్ ఎక్కించమంటారు, నీళ్లు గడ్డకట్టి గేర్‌కేసు (ప్రొపెల్లర్‌ను తిప్పే గేర్లుండే కింది పెట్టె) పగులుతుందంటారు. అందులో మనకు ఏది పనికొస్తుంది? నాకు నాలుగు సందేహాలు. ట్యాంకు నింపి ఉంచాలా, ఖాళీ చేయాలా? గేర్ ఆయిల్ ఇప్పుడే మార్చాలా, జనవరిలో మారిస్తే చాలదా? లోపలి ఉప్పు కడగడానికి బోరు నీళ్లు వాడవచ్చా? నిలవలో తుప్పు పట్టకుండా ఇంజన్ లోపల కొట్టే ఫాగింగ్ ఆయిల్ దొరక్కపోతే దాని బదులు ఏం వాడాలి?

కాసిమేడు_పానా

ఆ వీడియోల్లో మనకు అక్కర్లేనిది యాంటీఫ్రీజ్ ఒక్కటే. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి అల్యూమినియం గేర్‌కేసు చీలుతుంది. చెన్నైలో జనవరి రాత్రుల్లో కూడా 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, కాబట్టి ఆ భయం లేదు. మిగతా పనులు మాత్రం వాళ్లకంటే మనకే ఎక్కువ అవసరం.

కారణం ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తాను నీరు కారుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే ఏమవుతుందో ప్రతి వంటింటికీ తెలుసు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది ఇంకా తక్కువ తేమకే కరుగుతుంది. నవంబర్, డిసెంబర్‌లో తీరం వెంట గాలి ఎంత చెమ్మగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నీటి దారుల్లో మిగిలిన ఉప్పు ఆ మూడు నెలలూ సరిగా ఎండదు, అల్యూమినియాన్ని తింటూనే ఉంటుంది. చలి దేశంలో తుప్పు కూడా నెమ్మదిస్తుంది, మన వెచ్చదనంలో ఆగదు.

పనుల వరుస తప్పకూడదు. మొదట ఇంజన్ నడుస్తుండగా మంచినీటితో కడగడం. అదే నడకలో చివర ఫాగింగ్. తర్వాత కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేయడం. నూనె ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడే గేర్ ఆయిల్ దించడం. ఆపైన ప్రొపెల్లర్, గ్రీజు, ఆనోడ్ (ఇంజన్ లోహం బదులు తాను అరిగిపోయే ముక్క). ఫాగింగ్ అయ్యాక ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేస్తే పూసిన నూనె కాస్తా కాలిపోతుంది, చేసిన పని వృథా.

కడగడం గురించి చాలామందికి తెలియని విషయం ఒకటి. ఇంజన్ పక్కనుంచి సన్నగా నీటి ధార వస్తోంది కదా, లోపలంతా కడిగినట్లే అనుకుంటారు. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే తెరుచుకునే నీటి కవాటం) మూసి ఉన్నా ఆ ధార వస్తూనే ఉంటుంది. థర్మోస్టాట్ తెరుచుకునేది సుమారు 50 డిగ్రీల దగ్గర. చల్లటి ఇంజన్‌కు రెండు నిమిషాలు నీళ్లు పట్టి ఆపేస్తే సిలిండర్ చుట్టూ ఉన్న ఉప్పు కదలనే లేదు. అందుకే న్యూట్రల్‌లో, ఐడిల్ వేగంలో 10 నుంచి 15 నిమిషాలు నడపాలి. సిలిండర్ హెడ్ మీద చెయ్యి ఆనిస్తే బాగా వెచ్చగా తెలియాలి.

మోటార్ నీరు పీల్చే రంధ్రాల మీద తొడిగి పైపు తగిలించే మఫ్స్ లేకపోతే 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము చాలు. ప్రొపెల్లర్ తప్పకుండా విప్పి, యాంటీ-వెంటిలేషన్ పలక (ప్రొపెల్లర్‌కు పైన ఉండే అడ్డ పలక) మీద కనీసం 10 సెంటీమీటర్లు నీళ్లు నిలిచేలా మోటార్ దించండి. పైపు తెరిచే ఉంచండి, పొర్లిపోతే పోనివ్వండి. నీళ్లు మార్చకపోతే లోపలి నుంచి వచ్చిన ఉప్పే మళ్లీ లోపలికి తిరుగుతుంది, నీళ్లు వేడెక్కుతాయి కూడా. నీళ్లు లేకుండా మాత్రం క్షణం కూడా స్టార్ట్ చేయకండి. నీటి పంపులో తిరిగే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలకు తడే కందెన. పొడిగా తిరిగితే కొద్ది సెకన్లలో కాలిపోతాయి.

చుక్కాని

బోరు నీళ్ల ప్రశ్నకు నా జవాబు: కొలవకుండా వాడకండి. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) వెంట చాలా బోర్లలోకి సముద్రపు నీరు చొచ్చుకొచ్చింది. నాలుక మీద వేసుకుంటే తెలిసిపోతుంది, అయినా నీటిలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు కొనుక్కోవడం మేలు. సముద్రపు నీటిలో అవి లీటరుకు సుమారు 35,000 మిల్లీగ్రాములు. మీ బోరు 500 లోపు చూపిస్తే హాయిగా వాడండి. 2,000 దాటితే దానితో మొదటి కడుగు మాత్రమే చేసి, చివరి 5 నిమిషాలు మెట్రో (నగర కొళాయి) నీళ్లతోనో వాన నీళ్లతోనో నడపండి. లోపల ఆఖరున ఏ నీరు మిగులుతుందో అదే ఆరి ఉప్పవుతుంది. కాబట్టి చివర పట్టిన నీరు మంచిదైతే చాలు.

తమిళనాడులో ఇళ్లకు వాన నీటి సేకరణ 2003లోనే తప్పనిసరి చేశారు. డాబా పైపు కింద డ్రమ్ము పెట్టుకుంటే అక్టోబర్ మొదటి వానలకే నిండుతుంది. మొదటి వాన మురికిని వదిలేసి రెండోది పట్టండి. ఇంత మెత్తటి నీరు కొన్నా దొరకదు.

ఇంధనం_లెక్క

ట్యాంకు సంగతికి వస్తే, ఇది ఇప్పుడు పాత సలహాలతో నడిచేది కాదు. మన బంకుల్లో మామూలు పెట్రోల్ అంటే ఇప్పుడు ఇ20, అందులో 20 శాతం ఇథనాల్. ఔట్‌బోర్డ్ తయారీదారుల మాన్యువళ్లు సాధారణంగా అనుమతించేది 10 శాతం వరకే. రోజూ నడిచే ఇంజన్‌లో పెట్రోల్ నిలవ ఉండదు కాబట్టి పెద్దగా తెలియదు. మూడు నెలలు నిలవ ఉంటే మాత్రం అసలు సమస్య బయటపడుతుంది.

ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొంతవరకు ఆ నీటిని తనలో కలుపుకునే ఉంచుతుంది. హద్దు దాటాక నీరూ ఇథనాలూ జట్టుకట్టి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. టూ-స్ట్రోక్ వాళ్లు జాగ్రత్తగా గమనించాల్సింది ఇక్కడే. మనం కలిపిన టూ-స్ట్రోక్ ఆయిల్ పై పొరలో, పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. ట్యాంకు పీల్పు గొట్టం ఉండేది అడుగున. జనవరిలో స్టార్ట్ చేయగానే ఇంజన్‌కు అందేది చుక్క ఆయిల్ లేని సారా నీళ్లు. బేరింగులు, పిస్టన్ రింగులు ఎండిపోయి పట్టేస్తాయి. ఆయిల్ కలిపిన పెట్రోలే కదా పోశాను అని యజమాని అనుకుంటాడు. పోసింది నిజమే, ఇంజన్‌కు అందింది వేరు.

కాబట్టి 24 లీటర్ల విడి ట్యాంకు అయితే పూర్తిగా ఖాళీ చేయండి. తీసిన మిశ్రమం నెల లోపుదైతే గడ్డి కోసే యంత్రానికో, మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌కో వాడుకోవచ్చు, అవీ టూ-స్ట్రోక్ అయితేనే. మురుగు కాల్వలో పోయకండి. ట్యాంకు బోర్లించి, మూత తీసి ఒక రోజు నీడలో ఆరనిచ్చి, తర్వాత మూత బిగించండి. పడవలోనే బిగించి ఉన్న, ఖాళీ చేయడం కుదరని ట్యాంకు అయితే 95 శాతం దాకా నింపండి. ఖాళీ జాగా తగ్గితే లోపలికి వచ్చిపోయే తేమ గాలి తగ్గుతుంది. అందులో ఫ్యూయల్ స్టెబిలైజర్ సీసా మీద నిలవకు రాసిన పాళ్లలో ముందు పోసి, తర్వాత పెట్రోల్ నింపితే బాగా కలుస్తుంది. ఆ మందు పెట్రోల్ కార్బొరేటర్ దాకా చేరేలా 10 నిమిషాలు ఇంజన్ నడపాలి. స్టెబిలైజర్ పెట్రోల్ పాతబడడాన్ని ఆలస్యం చేస్తుంది, ఒకసారి విడిపోయిన నీటిని మళ్లీ కలపలేదు. ఏ సీసా మీద ఏం రాసినా సరే.

పెట్రోల్‌లో ఇథనాల్ ఎంతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల కొలగొట్టంలో 10 మి.లీ. గీత దాకా నీళ్లు పోసి, పైన 90 మి.లీ. పెట్రోల్ పోయండి. మూత పెట్టి గట్టిగా ఊపి 10 నిమిషాలు కదపకుండా ఉంచండి. నీటిలో రెండు చుక్కల తిండి రంగు వేస్తే గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఇథనాల్ లేకపోతే నీటి గీత 10 దగ్గరే ఉంటుంది. ఇ20 అయితే 28 దగ్గరకు లేస్తుంది, ఎందుకంటే 90లో 18 మి.లీ. ఇథనాల్ నీటిలోకి దిగిపోయింది. బయట, నిప్పుకు దూరంగా చేయండి. ఆయిల్ కలపని పెట్రోల్‌తో చేయండి.

పులికాట్_తెడ్డు

మా వైపు మోటార్ పక్కన పెట్టేటప్పుడు పెట్రోల్ గొట్టం పీకేసి, దానంతట అది ఆగేదాకా నడుపుతారు. కార్బొరేటర్ ఖాళీ అయిపోతుంది కదా, వేరే ఏం చేయాలి? గిన్నె స్క్రూ విప్పడం అనవసరపు పని అనిపిస్తుంది. ఆ ఇత్తడి స్క్రూ గాడి అరిగిపోతే అదో తలనొప్పి.

కాసిమేడు_పానా

అన్నా, ఆ పద్ధతిలో సగం మంచిది, సగం లోపం. గొట్టం పీకాక ఇంజన్ ఆగేది గిన్నె ఖాళీ అయి కాదు, పెట్రోల్ మట్టం జెట్ అందుకోలేనంత కిందికి దిగి. అడుగున కొన్ని మిల్లీలీటర్లు మిగిలే ఉంటాయి. నీరు, మడ్డి దిగేదీ ఆ అడుగుకే. మూడు నెలల్లో అదే జిగురై, ఆరి, మెయిన్ జెట్ సన్నటి రంధ్రాన్ని మూసేస్తుంది. జనవరిలో "స్టార్ట్ అవుతోంది, గ్యాస్ ఇస్తే ఆగిపోతోంది" అని వచ్చే ఇంజన్లలో చాలావాటి జబ్బు ఇదే.

ఇంకోటి, టూ-స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తోనే. చివరి అర నిమిషం పెట్రోల్ తగ్గేకొద్దీ ఆయిల్ కూడా తగ్గుతుంది. బరువు లేకుండా ఐడిల్‌లో ఉంది కాబట్టి ఒక్కసారికే పట్టేయదు. కానీ రెండు మూడు కార్బొరేటర్లున్న ఇంజన్‌లో అన్నీ ఒకేసారి ఖాళీ కావు. ఒక సిలిండర్ పొడిగా వేడెక్కుతుంటే పక్కది ఇంకా లాగుతూ ఉంటుంది.

రెండు పద్ధతులూ కలపండి. ఇంజన్ నడుస్తుండగా గాలి పీల్చే వైపు ఉండే సైలెన్సర్ మూత విప్పి, కార్బొరేటర్ నోట్లోకి ఫాగింగ్ స్ప్రే కొద్దికొద్దిగా కొట్టండి. తెల్లటి పొగ దట్టంగా రావాలి. అప్పుడు గొట్టం పీకండి. వేగం తడబడడం మొదలవగానే స్ప్రే ఎక్కువ చేసి, నూనెతోనే ఊపిరాడక ఆగిపోయేలా చేయండి. అలా చేస్తే చివరి తిప్పుళ్లు పొడిగా కాకుండా నూనెలో తడుస్తూ జరుగుతాయి. తర్వాత గిన్నె కింది స్క్రూ విప్పి, గాజు సీసాలో పట్టండి. అడుగున నీటి బుడగలు కనిపిస్తే ట్యాంకు, ఫిల్టరు కూడా చూడాలి. స్క్రూ గాడి అరగకూడదంటే గాడి వెడల్పుకు సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరు వాడండి, సన్నది పెట్టి తిప్పితేనే చెడుతుంది.

ఇక సిలిండర్లు. కిల్ స్విచ్ (ఇంజన్‌ను ఆపే మీట) క్లిప్పు తీసేయండి, ప్లగ్గులు విప్పండి, ప్లగ్గు తీగలను ఇంజన్ బాడీకి తగిలించి ఉంచండి. ప్రతి ప్లగ్గు రంధ్రంలోకి 5 సెకన్లు స్ప్రే. స్ప్రే దొరక్కపోతే కంగారు వద్దు, మీరు పెట్రోల్‌లో కలిపే టీసీ-డబ్ల్యూ3 గుర్తున్న ఔట్‌బోర్డ్ ఆయిలే ఒక్కో సిలిండర్‌కు ఒక చెంచా, అంటే 5 మి.లీ. పోయండి. న్యూట్రల్‌లో తాడు మెల్లగా అయిదారుసార్లు లాగితే గోడలకంతా పూసుకుంటుంది. మోటార్ సైకిళ్ల 2టీ ఆయిల్ మాత్రం వాడకండి. అది గాలితో చల్లారే ఇంజన్ల కోసం చేసింది, బూడిద మిగిల్చే మందులు అందులో ఉంటాయి. ఫ్లైవీల్‌ను ఎప్పుడూ వెనక్కి తిప్పకండి, ఇంపెల్లర్ రెక్కలు అడ్డం తిరుగుతాయి.

ప్లగ్గులు తిరిగి పెట్టి చేత్తో బిగిస్తే చాలు. జనవరిలో ఎలాగూ కొత్తవి వేస్తారు.

ముట్టుకాడు_60

నాది 60 హెచ్‌పీ ఫోర్-స్ట్రోక్, ఫ్యూయల్ ఇంజెక్షన్. గొట్టం పీకి ఆగేదాకా నడపడం దీనికీ వర్తిస్తుందా?

కాసిమేడు_పానా

వద్దు తమ్ముడూ, దీనికి అస్సలు వద్దు. ఇంజెక్షన్ ఇంజన్‌లో అధిక పీడన పంపు పెట్రోల్‌లోనే మునిగి ఉంటుంది, దానికి కందెన, చల్లదనం రెండూ పెట్రోలే. పొడిగా తిప్పితే పంపు పోతుంది, అది చవకైన వస్తువు కాదు. స్టెబిలైజర్ కలిపిన తాజా పెట్రోల్‌తో 10 నిమిషాలు నడిపి, తాళంతో మామూలుగా ఆపండి. నీటిని వేరుచేసే ఫిల్టరు ఇప్పుడే మార్చండి.

ఫోర్-స్ట్రోక్‌కు ఇంకో పని, ఇంజన్ ఆయిల్ నిలవకు ముందే మార్చాలి. వాడిన ఆయిల్‌లో కాలిన పెట్రోల్ తాలూకు ఆమ్లాలు, తేమ ఉంటాయి. వాటితో బేరింగులు మూడు నెలలు నానకూడదు. ఎఫ్‌సీ-డబ్ల్యూ (ఫోర్-స్ట్రోక్ పడవ ఇంజన్ల ఆయిల్) గుర్తున్న 10డబ్ల్యూ-30, కొత్త ఫిల్టరు. కారు ఆయిల్‌లో తుప్పును ఆపే మందు సముద్రానికి సరిపోయేంత ఉండదు. మార్చాక రెండు నిమిషాలు నడపండి, కొత్త ఆయిల్ పైదాకా పాకుతుంది. ఫాగింగ్ ప్లగ్గు రంధ్రాల ద్వారా చేయండి. గాలి గొట్టంలోకి కొట్టే ముందు మీ మాన్యువల్ చూడండి, సెన్సర్ల మీద నూనె పడడం మంచిది కాదు.

మీ ఇంజన్‌కు పక్కన పైపు తగిలించే ఫ్లష్ రంధ్రం ఉంటుంది. దానితో కడిగేటప్పుడు ఇంజన్ ఆపి ఉంచమనే ఎక్కువ మాన్యువళ్లు చెబుతాయి. రోజువారీ కడగడానికి అది బాగుంటుంది. నిలవకు ముందు ఒక్కసారి మాత్రం వేడెక్కించి, మఫ్స్‌తో కడగండి.

గేరుపెట్టె

గేర్ ఆయిల్ ఇప్పుడే మార్చాలి, ఇందులో రెండో మాట లేదు. జనవరిలో మారిస్తే సరిపోతుందా అంటే, ఆయిల్‌లో నీరు చేరి ఉంటే ఆ మూడు నెలలూ గేర్లు, బేరింగులు ఉప్పునీటిలో నానుతాయి. ఇప్పుడు దించితే నీరు ఉందో లేదో ఇప్పుడే తెలుస్తుంది, నీరు లోపలికి రాకుండా ఆపే సీలు మార్చడానికి మూడు నెలల వ్యవధి కూడా చేతిలో ఉంటుంది. సీజన్ మొదలయ్యాక మెకానిక్ దొరకడమే కష్టం.

మోటార్ నిటారుగా నిలబెట్టి, కింద పళ్లెం పెట్టి, ముందు కింది స్క్రూ, తర్వాత పైది విప్పండి. మొదట కారే చెంచాడు చూడండి. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి ముందు అదే వస్తుంది. ఆయిల్ తేనె రంగులోనో, నల్లగానో ఉంటే సరే. పాలు కలిపిన టీలా ఉంటే సీలు పోయింది. కింది స్క్రూ అయస్కాంతానికి మెత్తటి బూడిద రంగు ముద్ద అంటడం మామూలే, గోటికి తగిలే ముక్కలుంటే గేరు పళ్లు చూడాల్సిందే.

నింపేది ఎప్పుడూ కిందినుంచి. పై రంధ్రంలోంచి పోస్తే గాలి బుడగ లోపలే చిక్కి, నిండినట్టు కనిపించి తర్వాత మట్టం తగ్గుతుంది. పంపు గొట్టం కింది రంధ్రానికి బిగించి, పై రంధ్రంలోంచి బుడగల్లేని ఆయిల్ వచ్చేదాకా నెట్టండి. అప్పుడు పై స్క్రూ ముందు బిగించాలి. గాలి లోపలికి రాదు కాబట్టి, గొట్టం తీసి కింది స్క్రూ పెట్టేలోపు కారేది కొద్ది చుక్కలే. మాన్యువల్ చెప్పిన హైపాయిడ్ 90 గేర్ ఆయిల్ వాడండి. రెండు వాషర్లూ కొత్తవి. పది ఇరవై రూపాయల వాషర్ కోసం గేరుపెట్టె పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

ప్రొపెల్లర్ ఎలాగూ విప్పారు కాబట్టి షాఫ్ట్ మొదలు చూడండి. చెన్నై తీరంలో తెగిన నైలాన్ వల దారం లేని చోటు లేదు. అది షాఫ్ట్‌కు చుట్టుకుని, వేడికి కరిగి, సీలు పెదవిని కోస్తుంది. సన్నటి తెల్ల దారం సీలు గాడిలో దాగి ఉంటుంది, టార్చి వేసి చూస్తేగాని కనిపించదు. పట్టకారుతో లాగేయండి. సీలు మార్చాల్సి వస్తే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి పుదుపేట వాహన విడిభాగాల బజారులో అడిగితే అదే కొలతలో వాహనాల సీలు దొరకవచ్చు. కానీ దాని లోపలి స్ప్రింగు మామూలు ఉక్కుది, ఉప్పునీటిలో తుప్పు పట్టి తెగుతుంది. స్టెయిన్‌లెస్ స్ప్రింగు ఉన్న మెరైన్ సీలే వేయండి.

షాఫ్ట్ పళ్లకు నీటికి కరగని మెరైన్ గ్రీజు పూసి, ప్రొపెల్లర్ తిరిగి బిగించండి. స్ప్లిట్ పిన్ను పాతది మళ్లీ వంచకండి, కొత్త స్టెయిన్‌లెస్ పిన్ను వేయండి.

పులికాట్_తెడ్డు

కిరోసిన్ ఇంజన్ల సంగతి కూడా ఎవరైనా చెబితే మాలాంటి వాళ్లకు ఉపయోగం. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరోసిన్‌కు మార్చే రకం.

ఇంధనం_లెక్క

కిరోసిన్ పెట్రోల్‌లా ఆవిరైపోదు. కిరోసిన్ మీదే ఆపేస్తే గిన్నెలోనూ క్రాంక్‌కేసులోనూ అదే మిగిలి, జనవరిలో చల్లటి ఇంజన్ రాజుకోదు. ఆపే ముందు పెట్రోల్‌కు మార్చి కనీసం 5 నిమిషాలు నడపండి, ఆ తర్వాతే ఫాగింగ్. కార్బన్ కూడా వీటిలో దట్టంగా పడుతుంది, ప్లగ్గులు కొత్తవి వేయడం తప్పదు.

ఇంకో చిక్కు, స్టార్టింగ్ కోసం ఉండే చిన్న పెట్రోల్ ట్యాంకు. రోజుకు చాలా కొద్దిగా ఖర్చవుతుంది కాబట్టి అందులో పెట్రోల్ వారాల తరబడి నిలవ ఉంటుంది. ఇ20 వల్ల ముందు చెడేది అక్కడే. కిరోసిన్ ట్యాంకు మరిచినా మరవండి, ఆ చిన్న ట్యాంకు ఖాళీ చేయడం మరవకండి.

ఈసీఆర్_పడవ

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. ఇక పెట్టే చోటు. షెడ్డుకు మూడు వైపులే గోడ. మోటార్‌ను పడుకోబెట్టవచ్చా? టార్పాలిన్ చుట్టేస్తే సరిపోతుందా?

చుక్కాని

నిలబెట్టండి. ఒక చెక్క పలకను రెండు కాళ్లకు అడ్డంగా కొట్టి స్టాండు చేయించండి, ఇంజన్ క్లాంపు దానికే బిగించవచ్చు. నిలబెడితే నీటి దారుల్లో మిగిలిన తడి దానంతట అదే కిందికి కారిపోతుంది. కడిగిన వెంటనే ఒకటి రెండుసార్లు తాడు మెల్లగా లాగితే పంపులో నిలిచిన నీరూ దిగిపోతుంది. మోసేటప్పుడైనా సరే, గేర్‌కేసు వైపు పైకి లేచి ఇంజన్ వైపు కిందికి రాకూడదు. కాలిన పొగ దారిలోని నీరు సిలిండర్‌లోకి జారుతుంది. ఫోర్-స్ట్రోక్‌ను తప్పనిసరై పడుకోబెడితే ఏ పక్కకు పడుకోబెట్టాలో ఇంజన్ మీదే గుర్తు ఉంటుంది. తప్పు పక్కైతే ఆయిల్ సిలిండర్లలోకి పాకుతుంది.

టార్పాలిన్ గట్టిగా చుట్టకండి. లోపలి తేమ బయటికి పోక రాత్రి చెమటలా పట్టి, పొద్దున్నే ఇంజన్ మీద కారుతుంది. నూలు గుడ్డ కప్పి, వాన జల్లు కొట్టే వైపు మాత్రం టార్పాలిన్‌ను తెరలా కాస్త దూరంగా కట్టండి. పై మూత లోపల తీగల కనెక్షన్లకు, స్ప్రింగులకు తుప్పు నిరోధక స్ప్రే పలుచగా కొట్టండి. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్లలో బెల్టు మీద పడనివ్వకండి.

ఎలుకలు తీగల ఇన్సులేషన్ కొరుకుతాయి, పై మూత కింద వెచ్చగా గూడు కడతాయి. తీగలు లోపలికి వెళ్లే రంధ్రం చుట్టూ ఇనుప జాలీ కుక్కండి. నీటి ధార రంధ్రంలో మట్టి గూడు కట్టే కందిరీగలు చేరతాయి, దానికి చిన్న బిరడా పెట్టి, ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టండి, జనవరిలో తీయడం గుర్తుండడానికి.

ఆనోడ్‌ను కూడా ఇప్పుడే చూడండి. సగం తినేసి ఉంటే మార్చండి. దాని మీద పెయింట్ వేయకూడదు. వేస్తే అది పని చేయడం మానేసి, దాని బదులు గేర్‌కేసు అరుగుతుంది. కొత్తది బిగించాక మల్టీమీటరు ఒక పుల్ల ఆనోడ్‌కు, ఇంకోటి ఇంజన్ బాడీకి పెడితే దాదాపు సున్నా ఓమ్ చూపించాలి. లేకపోతే బోల్టు కింది తుప్పు గీకి మళ్లీ బిగించండి.

ముట్టుకాడు_60

బ్యాటరీ విప్పేయాలా?

చుక్కాని

విప్పాలి, ముందు నెగటివ్ తీగ. నిండా చార్జ్ అయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిలో 12.6 నుంచి 12.7 చూపిస్తుంది. 12.4 దగ్గరకు వస్తే చార్జ్ పెట్టండి, అంతకన్నా కిందికి పోయి అలాగే ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. మన వేడిలో తనంతట తానే త్వరగా తగ్గుతుంది కాబట్టి నెలకోసారి చూడాలి.

ఉప్పుగాలి

తుపాను మాట ఎవరూ ఎత్తలేదు. 2016 డిసెంబర్‌లో వర్దా, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్, రెండూ సరిగ్గా మోటార్లు పక్కన పెట్టే కాలంలోనే వచ్చాయి. షెడ్డులో నేల మీద కాకుండా, వరద నీరు చేరని ఎత్తులో స్టాండు ఉండాలి. విడి ట్యాంకులు కట్టేయాలి, ఖాళీ ట్యాంకు నీటి మీద తేలి కొట్టుకుపోతుంది.

ఒకవేళ మోటార్ మునిగిందే అనుకుందాం. ఉప్పునీటిలో మునిగిన ఇంజన్ బయటికి తీయగానే తుప్పు పరుగెత్తుతుంది, ఎందుకంటే అప్పుడే దానికి గాలి తగులుతుంది. కొద్ది గంటల్లో విప్పి పని చేసే వీలుంటే మంచినీటితో అంతా కడిగి, ప్లగ్గులు తీసి, నీరు వంచేసి, ఆయిల్ పోసి, అదే రోజు స్టార్ట్ చేసి నడపాలి. లోపల ఇసుక పోయిందన్న అనుమానం ఉంటే తాడు లాగకుండా విప్పించండి. మెకానిక్ రావడానికి రెండు మూడు రోజులు పట్టేలా ఉంటే, ఆరబెట్టకండి. మంచినీటి డ్రమ్ములో పూర్తిగా ముంచి ఉంచండి. వింతగా అనిపించవచ్చు, కానీ గాలి తగలని మంచినీటిలో ఉన్న ఇంజన్, ఉప్పుతో గాలిలో ఆరిన ఇంజన్ కంటే ఎంతో మెరుగ్గా మిగులుతుంది.

ఈసీఆర్_పడవ

చివరిగా ఒక్కటి. జనవరిలో మళ్లీ దించేటప్పుడు మొదటి ట్యాంకులో ఆయిల్ పాళ్లు పెంచాలా? ఇంపెల్లర్ కూడా మార్చాలా?

కాసిమేడు_పానా

పాళ్లు పెంచొద్దు. సిలిండర్లలో ఇప్పటికే నిలవ నూనె ఉంది, పెంచితే కొత్త ప్లగ్గులు తడిసిపోతాయి. మాన్యువల్ 50:1 అంటే లీటరుకు 20 మి.లీ., 24 లీటర్ల ట్యాంకుకు 480 మి.లీ. అంతే. పెట్రోల్ ఆ రోజు కొన్నదై ఉండాలి. మొదటి 10 నిమిషాలు పాత ప్లగ్గులతోనే డ్రమ్ములో నడపండి, పొగ బాగా వస్తుంది, భయపడకండి. పొగ తగ్గాక ఆపి, చల్లారనిచ్చి, కొత్త ప్లగ్గులు వేయండి. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గు చేత్తో ఆనేదాకా తిప్పి, పానాతో ఇంకో సగం చుట్టు దాటాక ఆపేయండి.

ఇంపెల్లర్ ఇసుక నీళ్లలో తిరిగేది కాబట్టి ఏడాదికోసారి మార్చడం మంచిది, అది నిలవకు ముందు కాకుండా జనవరిలో. కొత్త రెక్కలు మూడు నెలలు ఒకే వైపు వంగి కూర్చుంటే ఆ వంపు అలాగే ఉండిపోతుంది. ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లో గ్లిజరినో పూసి, షాఫ్ట్‌ను సవ్యదిశలో తిప్పుతూ గిన్నెలోకి దించండి. పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. మోటార్ కింది కాలు (గేర్‌కేసు భాగం) విప్పే ముందు గేరు ఏ స్థానంలో ఉందో రాసి పెట్టుకోండి, తిరిగి బిగించేటప్పుడు షిఫ్ట్ రాడ్ అదే స్థానంలో ఉంటేనే కలుస్తుంది.

స్టార్ట్ చేశాక అర నిమిషంలో పక్క ధార రాకపోతే వెంటనే ఆపి, ముందు ఆ ఎర్ర గుడ్డ కట్టిన బిరడా తీశారో లేదో చూడండి.